లాగిన్ అయిన వాడుకరి – పరీక్షా పద్ధతి: ఒక విమర్శ

బెంగుళూరు, చెన్నై, పూనా నగరములలో స్థిరపడిన మన కుటుంబముల యువజనులలో పలువురు నేడు వెబ్ అప్లికేషనులను నిర్మించు వృత్తియందున్నారు. కావున ఆ వృత్తిలో నిత్యము ఆచరింపబడు ఒక పరీక్షా పద్ధతిని విమర్శించుట ఈ సంచికకు అసందర్భము కాదని తలంచెదను.

లాగిన్ అయిన వ్యక్తిని బట్టి ఫలితము మారు అప్లికేషనును పరీక్షించుట సులభము కాదు. జావా భాషలో విరివిగా వాడబడు స్ప్రింగ్ సెక్యూరిటీయందు, 2015 నాటి 4.0 వెర్షనుతో ‘విత్‌మాక్‌యూజర్’ అను సౌకర్యము వచ్చినది. పరీక్షకు పైన ఆ యొక్క పదము చేర్చినచో, ‘యూజర్’ అను పేరును, సామాన్య వాడుకరి అధికారమును గల కల్పిత వ్యక్తి లాగిన్ అయియున్నట్లే అప్లికేషను భావించును. వాడు డేటాబేసులో ఉండనక్కరలేదు. పాస్‌వర్డు తనిఖీయు జరుగదు. వీథినాటకమున కిరీటము పెట్టుకొన్నవానిని రాజని ఒప్పుకొన్నట్లే!

ఇందలి సౌలభ్యమును కాదనను. ఏ అధికారము గలవారికి ఏ ద్వారము తెరువబడునో చూచుటకు ఇది చాలును. నా ఆక్షేపణ దానితోనే తృప్తిపడుటను గూర్చి. ద్వారము దాటినవాడు ఎవరి పెట్టె తెరచుచున్నాడన్న ప్రశ్న ఒకే కల్పిత వ్యక్తితో జరుపు పరీక్షకు తట్టదు. 2011లో అమెరికాయందలి సిటీ బ్యాంకు క్రెడిట్ కార్డుల విషయమున జరిగినది ఇదియే. దుండగులు లాగిన్ అయి, బ్రౌజరు చిరునామాలోని ఖాతా సంఖ్యను మార్చుచు పోయిరి. 3,60,000కు పైగా ఖాతాల వివరములు వారి చేతబడినవి. ఇట్టి ప్రవేశ నియంత్రణ లోపము ఓవాస్ప్ సంస్థవారి ప్రమాదముల జాబితాలో 2017న అయిదవది, 2021న మొదటిది.

కావున ప్రతి దస్త్రమునకును కనీసము మూడు పరీక్షలుండవలెను. లాగిన్ కానివాడు లాగిన్ పుటకు మరలింపబడవలెను. స్వంతదారునికి దస్త్రము కనబడవలెను. లాగిన్ అయిన మరియొకనికి 403 గాని 404 గాని రావలెను. పెక్కుచోట్ల లోపించునది ఈ మూడవదియే. దీనికి ఇద్దరు వాడుకరులును, వారి వారి దస్త్రములును ముందుగా డేటాబేసులో నుంచవలెను. ఇచ్చట ‘విత్‌యూజర్‌డీటెయిల్స్’ మేలు. ఏలయన, అది అప్లికేషను స్వంత మార్గముననే వాడుకరిని తెచ్చును గనుక, అతని నిజమైన గుర్తింపు సంఖ్యయు వెంట వచ్చును. అయినను పాస్‌వర్డును ఇదియు అడుగదు; దానికి లాగిన్ పరీక్ష వేరుగా వ్రాయక తప్పదు.

ఇక పరీక్షలు విఫలమగుచున్నవని విసిగి, భద్రతా ఫిల్టరులనే ఆపివేసి నడపువారు కొందరు కలరు. వారి పద్ధతిని విమర్శించుటకు పూనుకొనలేదు. అది పరీక్షయే కాదు.