మాధుర్యశబ్దవిచారము

తెలుఁగు విమర్శలయందు 'మధురము' అను మాటవలె విరివిగాఁ బ్రయోగింపఁబడు విశేషణము వేఱొకటి లేదు. సీసము నడక బాగున్నను మధురమే. కరుణరసము పండినను మధురమే. అనుప్రాస కుదిరినను మధురమే. ఒక్క మాట యిన్ని యర్థములను మోయుచుండఁగా విద్యార్థికిఁ బద్యమునందలి గుణ మెట్టిదో తెలియుట దుర్ఘటము. కాఁబట్టి యీ శబ్దమున కాలంకారికులు చెప్పిన యర్థ మేమి, యది తెలుఁగున కెంతవఱకు సరిపడును, అనునది విచారింపఁదగియున్నది.

దండి మాధుర్యమనఁగా రసవత్త్వ మనెను. వామనుఁడు శబ్దగుణమైన మాధుర్యమును బృథక్పదత్వ మనియు, నర్థగుణమైన దాని నుక్తివైచిత్ర్య మనియుఁ జెప్పెను. మమ్మటుఁడు కావ్యప్రకాశమున దీనిని జిత్తద్రుతికిఁ గారణమగు నాహ్లాదముగా నిర్ణయించి, కరుణ విప్రలంభ శాంతములందు మఱింత యతిశయించు ననెను. ఇంతవఱకు మాధుర్యము మనస్సునకు సంబంధించినదే కాని చెవికి సంబంధించినది కాదు. పిదప నాతఁడే దానిని వ్యంజించు వర్ణములను జెప్పుచు, ట ఠ డ ఢ లను విడిచి, స్వవర్గానునాసికములతోఁ గూడిన స్పర్శములను, హ్రస్వముతోఁ గూడిన ర ణ లను గ్రహించెను.

చిక్కంతయు నిచ్చటనే. ఈ నియమమును దెలుఁగునకు యథాతథముగా వర్తింపఁజేసినచో మాట, పాట, తోడు, నీడ, బిడ్డ, చిట్టి, పెండ్లి యను పదము లన్నియు మాధుర్యమునకు దూరములగును. గుంటూరు సీమలోఁ బత్తితీతల వేళను, మిరపకోతల వేళను స్త్రీలు పాడుకొను పాటలలో నీ వర్ణములు దట్టముగా నుండును. వానిని విని కర్కశములన్నవారు లేరు. పాట యను పేరే టకారముతోఁ గూడియుండఁగాఁ దెలుఁగువాఁడు తీపికై వేఱొక భాషను యాచింపవలయునా?

ఇందులకు వ్యాకరణమే సమాధానము చెప్పుచున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) క చ ట త ప లు పరుషములు, గ జ డ ద బ లు సరళములు. ద్రుతముమీఁదఁ బరుషములు సరళము లగుటచే 'పాడెను కోయిల' యనునది 'పాడెఁ గోయిల' యగును. అలంకారశాస్త్రము వర్జించిన డకారము తెలుఁగు వ్యాకరణమున సరళములలోఁ జేరినది. ఇవి సంజ్ఞలే కాని గుణవాచకములు కావని యాక్షేపింపవచ్చును. సంజ్ఞలే యైనను నన్వర్థము లనక తప్పదు. చెవి పరుషమును విడిచి సరళమును గోరుట సంధికార్యమునందే కానవచ్చుచున్నది. మమ్మటుని నియమము సంస్కృతపదముల తీరునుబట్టి యేర్పడినది. అది తెలుఁగునకు సహాయకమగును గాని శాసనము కానేరదు.

పాకశబ్దమునకును నిట్టి దుర్గతియే పట్టినది. విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమున ద్రాక్షాపాక నారికేళపాకముల నర్థగాంభీర్యమునుబట్టి విభజించెను. పదముల యన్యోన్యమైత్రికి శయ్య యని పేరిడెను. అట్లుండ వినసొంపైన పద్యమునెల్ల ద్రాక్షాపాక మనుట శయ్యను బాకమని భ్రమించుటయే.

కొండవీటి నేలిన పెదకోమటి వేమారెడ్డి (1402–1420) పేర సాహిత్యచింతామణియు, సంగీతచింతామణియు వేఱువేఱు గ్రంథములుగాఁ బ్రసిద్ధములు. రెండు విద్యల నెఱిఁగినవారికిని రెండు గ్రంథములు కావలసినవన్నమాట గమనింపఁదగినది. ఆతని యాస్థానమున విద్యాధికారియైన శ్రీనాథుని సీసము లీ భేదమునకుఁ జక్కని లక్ష్యములు. వానియందు దీర్ఘసమాసములు పెక్కు గలవు గావున వామనుని పృథక్పదత్వము పలుచోట్ల లేదు. మనస్సు కరఁగుటయు నన్నిచోట్ల లేదు. ఐనను జెవి తనియుచున్నది. అట్టిచోట నున్నది మాధుర్యము కాదు, తూఁగు.

తూఁగు, నడక, జిగి, బిగి, సొంపు అను దేశిపదములు శాస్త్రగ్రంథములలో సంజ్ఞలు కాకపోయినను బెద్దల నోట స్థిరపడినవి. చీరాల, మంగళగిరి మగ్గములమీఁద నేసిన బట్టకు బిగి యెట్టిదో పద్యమునకును బిగి యట్టిదే యని పల్లెబాలుఁడును గ్రహింపఁగలఁడు. కావున శ్రుతిసుఖమునకు శ్రావ్యత, గతికిఁ దూఁగు, పదమైత్రికి శయ్య, అర్థగాంభీర్యమునకుఁ బాకము, చిత్తద్రుతికి మాధుర్యము అని వేఱుపఱిచి బోధించుట పండితుల ధర్మము. అట్లు కానిచో మధురశబ్ద మెల్ల పద్యములకు నిచ్చు బిరుదై, యే పద్యమునకును జెల్లని నాణెమగును.