సాక్ష్యం ఆమెది, వాక్యం ఆయనదా?

మన దళిత క్రైస్తవ సంఘాల్లో స్త్రీని నోరు మూసుకోమని ఎవరూ పైకి అనరు. ఆమె పాట ఎత్తాలి. కన్నీళ్ళతో ప్రార్థన చెయ్యాలి. రోగం నయమైతేనో, తాగుబోతు మొగుడు మారితేనో నలుగురి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. సండే స్కూల్లో పిల్లలకు నేర్పాలి. ఉపవాస కూటాలకు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కూడగట్టాలి. మందిరం ఊడ్చి చాపలు పరవాలి. ఇంత చేసిన మనిషి ఆదివారం ఆరాధనలో బైబిలు విప్పి దాని అర్థం చెబుతానంటే మాత్రం 'అది దేవుని క్రమం కాదమ్మా' అని పెద్దలు అడ్డుపడతారు. అంటే ఆమెకు సాక్ష్యం ఉంది, వాక్యం లేదు. తన బతుకు సంగతి చెప్పుకోవచ్చు గానీ అందరి బతుక్కీ వర్తించే మాట చెప్పకూడదు. ఈ గీత గీసిందెవరు, దీనివల్ల లాభపడుతున్నదెవరు అన్నదే మా ప్రశ్న.

ఇదేదో వేదాంత కళాశాలల్లో పండితులు తేల్చుకోవాల్సిన చర్చ అని చాలామంది అనుకుంటారు. చోడవరం లాంటి చోట చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలోనూ ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న ఈ చెరకు సీమలో, మన పేటల్లో ప్రార్థన మందిరాలు వెలిశాయి. ఒకటి బాప్టిస్టు, ఒకటి బ్రదరన్, ఒకటి పెంతెకొస్తు, ఇంకోటి ఏ మిషన్‌కీ చెందని స్వతంత్ర సంఘం. సిద్ధాంతాల దగ్గర ఒకరికొకరు పొసగరు. స్త్రీ భాషల్లో ప్రార్థించినా, ప్రవచించినా పెంతెకొస్తు వాళ్ళు ఒప్పుకుంటారు. బ్రదరన్ సహవాసాల్లో స్త్రీ వేదికెక్కి బోధించే ఊసే లేదు. కానీ సంఘం లెక్కలు, మందిరం స్థలం కాగితాలు, బాప్తిస్మం, ప్రభువు బల్ల, పెళ్ళి రిజిస్టరు మీద సంతకం ఎవరి చేతుల్లో ఉంటాయో చూడండి. అక్కడికొచ్చేసరికి అందరిదీ దాదాపు ఒకటే దారి. ఎదురుగా చాపల మీద కూర్చుని, కూలి డబ్బుల్లోంచి కానుక తీసిచ్చేవాళ్ళలో మాత్రం ఎక్కువ మంది ఆడవాళ్ళే.

'మొదట్నించీ ఇలాగే ఉంది' అంటారు. మొదట్నించీ ఎలా ఉందో చూద్దాం. తెలుగు బాప్టిస్టులు గొప్పగా చెప్పుకునే ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున మోకరించింది అయిదుగురు. మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూత్. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. ఆ కొండ కింది పల్లెల నుంచి మాదిగలు వేలాదిగా క్రైస్తవంలోకి వచ్చారు. 1878 జులై 3న ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ రోజు నీళ్ళలో నిలబడిన ఆరుగురు తెలుగు బోధకులూ మగవాళ్ళే. కొండ మీద ప్రార్థనకు పనికొచ్చిన స్త్రీ, నది ఒడ్డున అధికారం పంచుకునే వేళకు కనపడకుండా పోయింది.

ఈ ఉత్తరాంధ్రలో 1805లో లండన్ మిషన్ తరఫున క్రాన్, డే గ్రాంజ్‌లు విశాఖపట్నంలో దిగారు. తర్వాత కాలంలో చోడవరం చుట్టుపక్కల అనకాపల్లి, యలమంచిలి, నర్సీపట్నాల్లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది. ఈ మిషన్ల పనిలో సగం మోసింది 'బైబిలు స్త్రీలు'. గడప దాటని ఆడవాళ్ళ దగ్గరకు మగ బోధకుడు వెళ్ళలేడు కాబట్టి వీళ్ళు వెళ్ళారు. చదువు చెప్పారు, కథలు చెప్పారు, వాక్యం వివరించారు. వాళ్ళకు శిక్షణ ఇవ్వడానికి తునిలో ఎవా రోజ్ యార్క్ పాఠశాల, లూథరన్ల తరఫున రాజమండ్రిలో షార్లెట్ స్వెన్సన్ పాఠశాల నడిచాయి. అంటే స్త్రీకి బోధించడం చేతకాదని మిషన్లే నమ్మలేదు. చేతనవునని తెలిసి, జీతమిచ్చి, శిక్షణ ఇచ్చి, పని చేయించుకుని, ఆర్డినేషన్ మాత్రం ఇవ్వలేదు. పని ఆమెది, పదవి ఆయనది. ఊళ్ళో మనచేత చాకిరీ చేయించుకుని హక్కు దగ్గరకొచ్చేసరికి 'మీరు ఆ పక్కన నిలబడండి' అన్నవాళ్ళు మనకు కొత్త కాదు. అదే లెక్క గుడి లోపల కనిపిస్తే మనకెందుకు గుర్తుపట్టలేనితనం?

ఇక లేఖనం సంగతి. ఎవరడిగినా రెండు చోట్లు చూపిస్తారు: కొరింథీయులకు మొదటి పత్రిక 14వ అధ్యాయం, తిమోతికి మొదటి పత్రిక 2వ అధ్యాయం. కొరింథు పత్రికలోనే మూడు అధ్యాయాల ముందు, స్త్రీలు ప్రార్థించేటప్పుడూ ప్రవచించేటప్పుడూ తల మీద ఏముండాలో పౌలు చెప్తాడు. మాట్లాడే స్త్రీకే కదా ఆ నియమం! మౌనంగా ఉండమన్న ఆ రెండు వచనాలు కొన్ని ప్రాచీన ప్రతుల్లో అధ్యాయం చివర కనబడతాయి కూడా. తిమోతి పత్రిక పౌలు రాసిందేనా అన్నది పండితుల్లో ఎప్పట్నించో ఉన్న వివాదం. అది పక్కన పెడదాం. పౌలే రాశాడనుకుందాం. అదే పత్రిక 6వ అధ్యాయం మొదట్లో దాసులు తమ యజమానులను పూర్ణ గౌరవానికి పాత్రులుగా ఎంచాలని ఉంది. మన పల్లెలో ఏ పాస్టరైనా దాన్ని చదివి పాలేర్లను ఆసామికి అణిగి ఉండమంటాడా? అంటే పల్లె ఊరుకుంటుందా? 'అది ఆ కాలపు మాట' అని దాటవేస్తాడు. దాసుల మాట ఆ కాలానిదై, స్త్రీల మాట అన్ని కాలాలదీ ఎలా అయింది? తన మెడకు తగిలే వచనాన్ని చరిత్రగానూ, ఇంట్లో ఆడమనిషికి తగిలే వచనాన్ని ఆజ్ఞగానూ చదవడం భక్తి అనిపించుకోదు. అది మగపెత్తనం చేసుకున్న ఏరివేత.

ఒక్క మాటనే తీసుకోండి. రోమీయుల పత్రిక చివర ఫీబే అనే ఆమెను మన తెలుగు బైబిలు 'సంఘ పరిచారకురాలు' అంటుంది. కొరింథు పత్రికలో పౌలు తనని, అపొల్లోని కలిపి చెప్పుకున్నదీ 'పరిచారకులు' అనే. గ్రీకులో రెండు చోట్లా ఒకటే పదం. పాత ఇంగ్లీషు బైబిలు పౌలుకు మినిస్టర్ అనీ ఫీబేకు సర్వెంట్ అనీ తేడా పెట్టింది. తెలుగు అనువాదం ఆ తేడా పెట్టలేదు. తేడా మన చెవుల్లో ఉంది. మగవాడికి 'పరిచర్య' అంటే పుల్పిట్ అని వినబడుతుంది, ఆడదానికి పరిచర్య అంటే వంటగిన్నెలు అని వినబడుతుంది. అపొల్లో అంతటి పండితుణ్ణి ఇంటికి పిలిచి మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచిన వాళ్ళలో ప్రిస్కిల్ల ఉందని అపొస్తలుల కార్యాలు చెప్తుంటే, దాన్ని మాత్రం మనం సండే స్కూల్ కథ చేసి వదిలేశాం.

వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క కరిగించి పొయ్యమంది గౌతమ ధర్మసూత్రం. పవిత్ర గ్రంథం ఎవరు చదవాలో, ఎవరు అర్థం చెప్పాలో పుట్టుకను బట్టి నిర్ణయించడమే బ్రాహ్మణీయ భావజాలానికి ఆయువుపట్టు. అందుకే బాబాసాహెబ్ 1927లో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించారు. అది డిసెంబరు 25, క్రిస్మస్ రోజు. మనం ఆ రోజు కేకు కోస్తాం, స్టారు కడతాం. కానీ పుట్టుకను బట్టి నోటికి తాళం వేసే ఆ పద్ధతిని స్త్రీ విషయంలో మాత్రం వాక్యం పేరుతో కాపాడుకుంటున్నాం.

దళిత ఉద్యమం కూడా దీన్ని 'మతం లోపలి సంగతి' అని తోసేసింది. 1981లో అరవింద్ నిర్మల్ మొదలుపెట్టిన దళిత వేదాంతం చాలాకాలం మగ దళితుడి గొంతుతోనే మాట్లాడింది. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం నుంచి వచ్చిన మోనికా మెలాంక్తన్ లాంటివాళ్ళు దళిత స్త్రీ వైపు నుంచి బైబిలును చదివాక గానీ ఆ లోటు బయటపడలేదు. 'ముందు ఎస్సీ హోదా రానివ్వండి, తర్వాత ఆడవాళ్ళ సంగతి' అనే మిత్రులున్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు జరుగుతున్న అన్యాయం మాకు తెలియంది కాదు. కానీ కారంచేడును గుర్తు తెచ్చుకోండి. 1985 జులైలో మంచినీటి చెరువు దగ్గర అగ్రకుల పొగరుకు ఎదురుగా బిందె ఎత్తింది మున్నంగి సువార్త. అది ఉద్యమం తలచుకుని గర్వపడే ఘట్టం. సువార్త అనే పేరు పెట్టుకున్న ఆడబిడ్డ చెరువుగట్టున ఎదిరిస్తే చప్పట్లు కొట్టే మనం, ఆమె చెల్లెళ్ళు మందిరంలో సువార్త చెబుతామంటే 'ఆగమ్మా' అనడం ఏం న్యాయం?

దారి లేదనకండి. 1947లోనే ఒంటారియో, క్విబెక్ బాప్టిస్టులు మ్యూరియల్ స్పర్జన్‌కు ఆర్డినేషన్ ఇచ్చారు. తర్వాత ఆమె మిషనరీగా మన దేశం వచ్చింది. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్ తెలుగామె. ఇది చిన్న సంగతి కాదు. అయితే ఒక్కరు పైకి వెళ్ళినంత మాత్రాన కింద చాపల మీద కూర్చున్నవాళ్ళ స్థితి మారదు. స్వతంత్ర సంఘాల్లో 'అమ్మగారు' వాక్యం చెప్పడం ఈ మధ్య ఎక్కువైంది. మంచిదే. కానీ ఆమె చాలాసార్లు అయ్యగారి భార్య హోదాలోనే చెబుతోంది. భర్త పోతే కొడుకు మైకు అందుకుంటాడు. పిలుపును బట్టి కాకుండా పెళ్ళిని బట్టి వచ్చిన అధికారం ఆ పెళ్ళితోనే పోతుంది.

కాబట్టి 'స్త్రీ బోధించవచ్చా' అనే ప్రశ్న దగ్గరే ఆగొద్దంటున్నాం. ఆమె నూటయాభై ఏళ్ళుగా బోధిస్తూనే ఉంది. మీ పల్లెలో సంఘ పెద్దల కమిటీలో ఎంతమంది స్త్రీలున్నారు? స్థలం కాగితాల మీద ఎవరి పేరుంది? బైబిలు ట్రైనింగుకి సంఘం ఖర్చుతో ఎవర్ని పంపుతున్నారు? కూలి చేసుకునే అమ్మాయిని పంపారా, పాస్టరు కొడుకునేనా? చదువుకుని వచ్చినామెకు బాప్తిస్మం ఇచ్చే, బల్ల పంచే, పెళ్ళి చేసే అధికారం ఇస్తారా? ఉపాధ్యాయులు, విద్యార్థులు, కార్యకర్తలు ఎవరి పల్లెలో వాళ్ళు ఈ లెక్క తీయాలి. తీసిన లెక్కను పెద్దల గదిలో గుసగుసగా చెప్పొద్దు. ఆరాధన ముగిశాక, ప్రకటనలు చదివే వేళ, కానుకలిచ్చిన ఆడవాళ్ళందరూ వినేలా పైకి చదవాలి.