రహీం సాబ్ నేర్పిన ఆట

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ప్రాణం పొట్టి పాస్. బంతి నేల విడవకూడదు. ఒక్కరి కాలి దగ్గర ఎక్కువసేపు నిలవకూడదు. పాస్ ఇచ్చినవాడు నిలబడి చూడకుండా ఖాళీ జాగాలోకి ఉరకాలి. ఈ మూడు సూత్రాల మీద నడిచిన ఆట 1950ల నుంచి పుష్కరకాలం పైగా భారత జట్టును ఆసియాలో మేటిగా నిలిపింది. తెలుగు నేల దేశానికిచ్చిన క్రీడా విద్యల్లో దీన్ని మించింది లేదు.

ఈ విద్యను తీర్చిదిద్దిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టాడు. వృత్తి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టు బాధ్యతా మోశాడు. ఆటగాళ్లకు ఆయన రహీం సాబ్.

ఆయన పెట్టించిన పోటీలను చూస్తేనే ఆ బోధన ఎంత లోతైందో తెలుస్తుంది. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే, ఎడమకాలి వాటం వాడు కుడికాలితోనే ఆడాలని నియమం పెట్టి టోర్నమెంట్లు జరిపించాడు. రెండు కాళ్లూ సమానంగా పలికే ఆటగాణ్ణి ఎటునుంచి అడ్డుకోవాలో ఎదుటి బ్యాక్‌కు పాలుపోదు. డ్రిబ్లింగ్ మోజును రహీం ప్రోత్సహించలేదు. తాకిన బంతిని తాకినట్టే తోటివాడికి అందించడం నేర్పాడు. ఒక మనిషిని తప్పించి పోయేందుకు పట్టే సమయంలో మంచి పాస్ ముగ్గురిని దాటుతుంది, కాళ్లలో సత్తువా మిగులుతుంది. బక్కపలచని కుర్రాళ్లు బలిష్ఠమైన జట్లను నిలువరించగలిగింది ఈ కిటుకుతోనే.

మైదానంలో మనుషులను నిలిపే తీరునూ ఆయన మార్చాడు. వెనక ఇద్దరే బ్యాక్‌లు ఉండే పాత పద్ధతిని వదిలించి, తర్వాత నలుగురు వెనక, ఇద్దరు మధ్యన, నలుగురు ముందు ఉండే అమరికకు జట్టును అలవాటు చేశాడు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ ఈ అమరికతో గెలిచి లోకానికి చాటకముందే రహీం దాన్ని వాడాడని ఆయన శిష్యులు గర్వంగా చెప్పుకొనేవారు. బూట్ల విషయంలోనూ మార్పు వచ్చింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన జట్టులో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఇక శిష్యుల ఘనత. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ కూడా తెచ్చుకుంది, అదీ మోహన్ బగాన్‌ను ఓడించి. ఆనాటి కలకత్తా పెద్ద క్లబ్బుల ముందు ఇది సామాన్యమైన పని కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు భారత్‌ది. నాలుగో స్థానం తెచ్చిన ఆ బృందంలో హైదరాబాదీలు చాలామందే ఉన్నారు.

పీటర్ తంగరాజ్ గోల్ ముందు నిలబడితే ఎదుటి ఫార్వర్డ్‌కు గోల్ చిన్నదై కనిపించేది. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ కుర్రాడు. ఎడమ అంచున ఆడినా, మధ్యలోకి వచ్చినా ఆయన కాలి నుంచి వెళ్లిన బంతి చేరాల్సిన కాలికే చేరేది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ చేశాడు. యూసుఫ్ ఖాన్ ఏ స్థానంలో నిలిపినా అక్కడే పుట్టినట్టు ఆడేవాడు.

రహీం విద్యకు శిఖరం 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఆయన అప్పటికే క్యాన్సర్‌తో కుంగుతున్నాడు. లక్షమంది ప్రేక్షకులు భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్నారు. లీగ్ దశలో తమను ఓడించిన దక్షిణ కొరియానే ఫైనల్లో ఎదురైంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను పక్కన కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేశారు. 2-1తో స్వర్ణం. ఎవరిని ఎక్కడ నిలపాలో అంత తెగువతో తేల్చుకున్న శిక్షకుడు మన దేశంలో మళ్లీ రాలేదు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన కన్నుమూశాడు. భారత ఫుట్‌బాల్‌కు ఆసియా స్వర్ణం ఆ తర్వాత దక్కలేదు.

గురువు పోయినా విద్య వెంటనే పోలేదు. హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది. మరో హైదరాబాదీ మహమ్మద్ అక్బర్ 1976లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు. ఆయన అన్న హబీబ్‌ది ఇంకో మెట్టు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడుతున్న న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ చేశాడు. ఆట 2-2తో ముగిసింది. ఉద్యోగం కోసం కాక ఆటనే వృత్తిగా నమ్ముకుని బతికిన మొదటి తరం ఆటగాడు హబీబ్.

ఈ ఆట గొప్పదనం కప్పుల్లోనే లేదు. జకార్తాలో గెలిచిన జట్టులో తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ముగ్గురూ హైదరాబాద్-సికింద్రాబాద్ జంటనగరాలవాళ్లు. ఒకరు క్రైస్తవుడు, ఒకరు హిందువు, ఒకరు ముస్లిం. వాళ్లతో బెంగాలీలు, పంజాబీలు కలిసి ఆడారు. పాస్ ఇచ్చేటప్పుడు ఎదుటివాడు నిలబడ్డ చోటు చూడాలే తప్ప కులమూ మతమూ చూస్తే బంతి పోతుంది. పైగా ఇరవై ఇద్దరు ఆడుకోవడానికి ఒక్క బంతి చాలు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందిని ఒక్కటి చేసే ఆట మరొకటి లేదు.

ఆ సంగతి రాయలసీమలో బాగా తెలుస్తుంది. వానలు ముఖం చాటేసి వేరుశనగ పోయిన ఏడాది ముదిగుబ్బ, కదిరి పల్లెల నుంచి బెంగళూరుకూ కేరళకూ వలసపోయే కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇళ్ల పిల్లలకు ఆటను చేరువ చేసిన సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో దాన్ని మొదలుపెట్టాడు. అక్కడి క్రీడా ప్రాంగణంలో క్రికెట్, హాకీ, టెన్నిస్‌లతో పాటు ఫుట్‌బాల్ నేర్పారు. స్పెయిన్ లా లిగా కూడా చేయూతనిచ్చింది. ఆడపిల్లలూ బంతి పట్టారు. అటు తెలంగాణలో నిజామాబాద్ ప్రాంతపు తండా పిల్ల గుగులోతు సౌమ్య క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లిందంటే, పల్లె పిల్లలకు అందని మెట్టు లేదని రుజువైనట్టే.

ఇంత సంపదను పోగొట్టుకున్న తీరే కడుపు మండించేది. పోలీసు, ప్రభుత్వ శాఖల జట్లు కుర్రాళ్లకు ఉద్యోగాలివ్వడం తగ్గించాయి. మెరికల్లాంటి వాళ్లను కలకత్తా తీసుకుపోయింది. బస్తీల మైదానాలను కట్టడాలు మింగేశాయి. ఇప్పుడు వాటి స్థానంలో గంటకింత అని అద్దె వసూలు చేసే ప్లాస్టిక్ గడ్డి గళ్లు వెలిశాయి. ఖరీదైన యూరప్ క్లబ్బుల జెర్సీలు తొడిగి, పది రోజుల వేసవి శిబిరం నడిపి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి దాన్ని అకాడమీ అంటున్నారు. అది శిక్షణ కాదు, శిక్షణ పేరిట బేరం. ఎడమకాలితో పాస్ ఇవ్వడం నేర్పని చోటికి రహీం ఊరు పేరు తగిలించుకోవడం అపచారం.

వృత్తి ఫుట్‌బాల్ కథా అలాగే ముగిసింది. 2019లో పుణె క్లబ్ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన రాత్రి అది. తర్వాత జీతాల బకాయిలు పేరుకుపోయాయి, ఆటగాళ్లు చెల్లాచెదురయ్యారు, 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. పుణె నుంచి వచ్చింది ఢిల్లీకి పోయింది. మధ్యలో హైదరాబాద్‌కు మిగిలింది ఒక ట్రోఫీ జ్ఞాపకం. నగరంలోని మరో క్లబ్ శ్రీనిధి డెక్కన్ మాత్రం ఐ లీగ్‌లో రెండుసార్లు రెండో స్థానం దాకా వచ్చి ఆశ నిలబెట్టింది.

క్లబ్‌కు ఊళ్లో వేళ్లుండాలన్న పాఠాన్ని అమెరికా ముందే నేర్చుకుంది. అక్కడ పెలేను తెచ్చి వెలిగిన పాత లీగ్ 1984తో మూతపడింది. తారలున్నారు, కింద వేళ్లు లేవు. 1994 ప్రపంచ కప్ తర్వాత 1996లో 10 జట్లతో మొదలైన మేజర్ లీగ్ సాకర్ నెమ్మదిగా సొంత స్టేడియాలు, కుర్రాళ్ల అకాడమీలు కట్టుకుని 30 జట్లకు పెరిగింది. కొలంబస్ క్రూ జట్టును 2017లో యజమాని వేరే ఊరికి తరలించబోతే అభిమానులూ నగరమూ కలిసి ఆపారు. ఆ జట్టే 2020లోనూ 2023లోనూ లీగ్ గెలిచింది. ఊరు పట్టుకున్న క్లబ్‌ను డబ్బు కదిలించలేదు.

తెలుగు రాష్ట్రాలు చేయాల్సిన పని తేటగానే ఉంది. ప్రతి జిల్లాలో ఏటా తప్పక జరిగే లీగ్ కావాలి. మండలానికొక మట్టి మైదానమైనా చట్టబద్ధంగా ఆటకే ఉండాలి. పోలీసు, రైల్వే, విద్యుత్ శాఖలు మళ్లీ ఆటగాళ్లకు కొలువులివ్వాలి. క్లబ్ యాజమాన్యంలో ఊరి అభిమానులకు వాటా ఉండాలి. రహీం పద్ధతులు శిక్షకుల పాఠ్యంలో చేరాలి. హిందూపురం, ధర్మవరం, ముదిగుబ్బ పిల్లల్లో సత్తువకు కొదవ లేదు. వాళ్లకు గురువూ మైదానమూ జీతమిచ్చే క్లబ్బూ ఏర్పరచడం ప్రభుత్వాల, ధనవంతుల, అభిమానుల బాధ్యత.