ఉక్కు వంగేటప్పుడు

ఇనుప కడ్డీని కొద్దిగా వంచి వదిలితే మళ్లీ నిటారవుతుంది. ఇంకాస్త గట్టిగా వంచితే ఆ వంపు ఉండిపోతుంది. ఈ రెండో వంపులో పరమాణువులు పాత పొరుగును వదిలి కొత్త పొరుగుతో బంధం కలుపుకుంటాయి.

స్ఫటికంలో ఒక పొర మొత్తం ఒక్కసారిగా పక్క పొర మీద జారాలంటే ఎంత బలం కావాలో 1926లో యాకొవ్ ఫ్రెంకెల్ లెక్క కట్టాడు. ఆ లెక్కన ఇనుముకు సుమారు 13 గిగాపాస్కల్‌లు కావాలి. మామూలు మెత్తటి ఉక్కు అందులో నూరో వంతుకే లొంగిపోతుంది. కారణాన్ని 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యి ఎవరికి వారుగా చెప్పారు. స్ఫటికంలో అక్కడక్కడ పరమాణువుల పొర ఒకటి సగంలోనే ఆగిపోయి ఉంటుంది. ఆ పొర అంచు వెంట సాగే గీతే డిస్‌లొకేషన్. పరిచిన జంపఖానాను మొత్తంగా లాగడం కష్టం. ఒక చివర ముడత లేపి రెండో చివరకు తోస్తే సులువుగా జరుగుతుంది. ఇక్కడా అంతే, ఒక్కో అడుగుకు తెగేవి ఆ గీత వెంట ఉన్న బంధాలే. గీత స్ఫటికాన్ని దాటేసరికి పైభాగం నానోమీటరులో నాలుగో వంతు జరుగుతుంది. కంటికి కనిపించే వంపంతా ఇలాంటి అడుగుల మొత్తమే.

డిస్‌లొకేషన్లలో మరో రకమైన మర (స్క్రూ) డిస్‌లొకేషన్లు ఇనుములో మాత్రం మొండివి. వాటి నడిమి భాగం ఒకే తలంలో ఇమడక అనేక తలాల్లోకి పరుచుకుంటుంది. వేడి వల్ల కలిగే కంపనాల సాయంతో చిన్న చిన్న వంకరలు పుడితే తప్ప అవి ముందుకు సాగవు. చలి ముదిరినప్పుడు ఉక్కు పెళుసెక్కడానికి ఇదొక ముఖ్య కారణం.

కార్బన్ మరో అడ్డు. ఇనుప పరమాణువుల సందుల్లో ఇరుక్కున్న కార్బన్‌కు డిస్‌లొకేషన్ దగ్గర కాస్త విశాలమైన చోటు దొరుకుతుంది. అక్కడ చేరి గీతను కట్టిపడేస్తుందని 1949లో కాట్రెల్, బిల్బీ వివరించారు. అందుకే మెత్తటి ఉక్కు మొదట మొరాయిస్తుంది. గీతలు విడివడగానే అంతకన్నా తక్కువ బలానికే సాగుతుంది. కార్ల తయారీదారులు దీన్ని తెలివిగానే వాడుకున్నారు. ప్రెస్సులో ఒంపు తిరిగిన తలుపు రేకు రంగు ఆరే ఓవెన్‌లో, దాదాపు 170 డిగ్రీల దగ్గర, అదనపు ఖర్చు లేకుండా గట్టిపడుతుంది. కార్బన్ కొత్త డిస్‌లొకేషన్లను చేరుకోవడానికి ఆ వేడి చాలు.

ఉక్కులోని చిన్న చిన్న స్ఫటిక రేణువుల సరిహద్దులూ అడ్డే. రేణువు చిన్నదయ్యేకొద్దీ ఉక్కు బలపడుతుంది.

డిస్‌లొకేషన్లకు డిస్‌లొకేషన్లే పెద్ద అడ్డు. వంచేకొద్దీ కొత్తవి పుట్టి, ఒకదాన్నొకటి కోసుకుంటూ చిక్కుపడతాయి. బాగా మెత్తబరిచిన ఇనుములో ఘన సెంటీమీటరుకు వాటి మొత్తం పొడవు పదుల నుంచి వందల కిలోమీటర్లు. చల్లగా గట్టిగా సాగదీసిన తీగలో లక్షల కిలోమీటర్లు. బైండింగ్ వైరును ఒకేచోట అటూ ఇటూ వంచుతూ ఉంటే ముందు బిగుసుకుని, తర్వాత పుటుక్కున తెగేది అందుకే. తెగకముందే ఎర్రగా కాల్చి నిదానంగా చల్లారనిస్తే చిక్కుల్లేని కొత్త రేణువులు పాతవాటిని తినేస్తూ పెరుగుతాయి, తీగ మళ్లీ చేతికి లొంగుతుంది.