ఒక ఉడుతను బతికించాలంటే మరో ఉడుతను పట్టాలి

బూడిద ఉడుత పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు అడవులు. బ్రిటన్‌లో దాన్ని మొదట వదిలినట్టు రికార్డు ఉన్నది 1876లో, చెషైర్‌లోని హెన్‌బరీ పార్కులో. ఎస్టేట్లకు అందం వస్తుందని ధనికులు ఆ తర్వాతా చాలాచోట్ల వదిలారు. ఇప్పుడక్కడ బూడిద ఉడుతలు సుమారు 27 లక్షలు. ఆ నేలకే చెందిన ఎర్ర ఉడుతలు మూడు లక్షలు కూడా లేవు, ఉన్నవాటిలోనూ ఎక్కువ భాగం స్కాట్లండ్‌లోనే.

బూడిద ఉడుత ఎర్రదాన్ని కరిచి చంపదు. హేజెల్ కాయల్ని పూర్తిగా పండకముందే తినేస్తుంది, ఓక్ గింజల్ని ఎర్రదానికన్నా బాగా అరిగించుకుంటుంది. అలా చలికాలానికి ఎర్రదానికి తిండి కరువవుతుంది. ఆకలికన్నా పెద్ద ముప్పు స్క్విరల్‌పాక్స్ వైరస్. బూడిద ఉడుత దాన్ని మోస్తూ తిరిగినా సాధారణంగా జబ్బు పడదు. ఎర్ర ఉడుతకు సోకితే కళ్ల చుట్టూ, మూతిమీద, కాళ్లమీద పుండ్లు లేచి, తినడానికి వీల్లేక దాదాపు రెండు వారాల్లో చనిపోతుంది. చెట్లకూ నష్టమే. వసంతం చివరి నుంచి జూలై దాకా బూడిద ఉడుతలు బీచ్, ఓక్, సికమోర్ చెట్ల బెరడు ఒలుస్తాయి. కాండం చుట్టూ ఒలిస్తే ఆ పైభాగం ఎండిపోతుంది.

బ్రిటిష్ ప్రభుత్వం 1953లో తోకకు ఒక షిల్లింగు చొప్పున బహుమానం ప్రకటించింది. తోకలు లక్షల్లో వచ్చాయి, ఉడుతలు మాత్రం తగ్గలేదు. 1958లో పథకాన్ని ఆపేశారు. తోకలు లెక్కపెడితే నియంత్రణ జరగదు. ఒక అడవిలో కొన్నింటిని చంపి వదిలేస్తే పక్క అడవి నుంచి వచ్చినవి ఆ ఖాళీని నింపేస్తాయి. అందుకే పని ఒక హద్దు లోపల, ఏళ్ల తరబడి, విడవకుండా సాగాలి.

ఆ పనికి ముఖ్యమైన సాధనం ఇనుప వల బోను. లోపల మొక్కజొన్న గింజలు, పొద్దుతిరుగుడు గింజలు పోస్తారు. మొదట కొన్నాళ్లు తలుపు పడకుండా కట్టేసి ఉంచుతారు, ఉడుతలు భయం లేకుండా లోపలికి వచ్చి తిని వెళ్తాయి. అలవాటు పడ్డాక కట్టు విప్పుతారు. అప్పుడు లోపలి పలకమీద కాలు పడగానే తలుపు మూసుకుంటుంది. బోనును రోజూ చూడాల్సిందే. ఎర్ర ఉడుత పడితే వెంటనే వదలాలి, వైరస్ అంటకుండా బోనును మందుతో కడగాలి. బూడిద ఉడుతను మళ్లీ అడవిలో వదలడం చట్టవిరుద్ధం, నీళ్లలో ముంచి చంపడమూ నేరమే. గోనెసంచిలోకి తోలి తలమీద ఒక్క దెబ్బతో గానీ, ఎయిర్‌గన్‌తో గానీ క్షణంలో ముగించాలి. చేసేవాళ్లకు ఇది తేలికైన పని కాదు. అయినా ఆ కొద్ది క్షణాలకన్నా పుండ్లతో రెండు వారాలు మాడి చావడం ఎంతో క్రూరం.

వేల్స్‌లోని ఆంగిల్‌సీ దీవిలో ఈ పద్ధతి గెలిచింది. 1998లో బోన్లు పెట్టడం మొదలైనప్పుడు అక్కడ మిగిలిన ఎర్ర ఉడుతలు 40 దాకా. పదిహేనేళ్లలో బూడిద ఉడుతలు దాదాపు లేకుండా పోయాయి, ఎర్రవి వందల్లోకి పెరిగాయి. ఇంకా విశేషం, సంఖ్య పలచబడేకొద్దీ బూడిద ఉడుతల్లో వైరస్ సోకిన ఆనవాళ్లు కూడా 70 శాతం నుంచి 4 శాతానికి పడిపోయాయి. అంటే చివరి ఉడుత దాకా చంపకముందే జబ్బు తగ్గుతుందన్నమాట. అయితే దీవిని ప్రధాన భూభాగం నుంచి విడదీసే మెనై జలసంధిమీద వంతెనలున్నాయి, కాబట్టి కాపలా ఆగకూడదు.

ఆలస్యానికి ఇటలీ మూల్యం చెల్లించింది. టొరినో దగ్గర 1948లో వదిలిన బూడిద ఉడుతల్ని ఏరివేయడానికి 1997లో ప్రయోగం మొదలుపెడితే, జంతుహక్కుల సంఘాలు కోర్టుకెక్కి ఆపించాయి. చివరకు కేసు ఎదుర్కొన్న అధికారులు నిర్దోషులుగా బయటపడ్డారు గానీ, ఈలోగా ఉడుతలు ఇంకా విస్తరించాయి.

చంపకుండా తగ్గించే దారులూ ఉన్నాయి. నీటికుక్కకు చుట్టమైన పైన్ మార్టెన్ మళ్లీ పెరిగిన ఐర్లండ్, స్కాట్లండ్ అడవుల్లో బూడిద ఉడుతలు తగ్గి ఎర్రవి తిరిగి వస్తున్నాయి. తిండిలో కలిపే గర్భనిరోధక మందుమీద బ్రిటన్‌లో పరిశోధన నడిచింది. అది బరువైన బూడిద ఉడుతకే అందేలా, ఎర్రదానికి తెరుచుకోని తలుపున్న పెట్టెను రూపొందించారు. అయితే పైన్ మార్టెన్ అడవి జీవి, కాబట్టి జనం తిరిగే పట్టణాల పార్కుల్లో ఇప్పటికీ బోనే ఆధారం.