ప్రతిష్ఠ ఎవరిది? – వేములవాడ స్థలపురాణం, శాసన సాక్ష్యం: ఒక పరిశీలన

ఉత్తర తెలంగాణలో మూలవాగు ఒడ్డున వెలసిన వేములవాడ రాజరాజేశ్వర క్షేత్రం గతంలో కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016లో ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాకు ఈ దైవం పేరే పెట్టారు. ఈ క్షేత్రం గతాన్ని తెలిపే ఆధారాలు రెండు రకాలు. ఒకటి వేములవాడ చాళుక్యుల శాసనాలు, వారి ఆశ్రయంలో వెలువడిన కావ్యాలు. రెండవది జనవ్యవహారంలో నిలిచిన స్థలపురాణం. పరిశోధకులు సాధారణంగా మొదటిదాన్ని చరిత్రగా స్వీకరించి, రెండవదాన్ని కల్పనగా పక్కన పెడుతున్నారు. క్షేత్ర మాహాత్మ్య గ్రంథాలు ఇందుకు విరుద్ధంగా నడుస్తున్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, రాజుకూ దేవునికీ గల సంబంధాన్ని స్థలపురాణం శాసనాలకు పూర్తిగా భిన్నంగా నిర్వచించినట్లు తెలుస్తుంది. ఆ భేదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాసనాలు చూపే వేములవాడ

శాసనాలలో ఈ ఊరి పేరు లేంబులవాటక, లేంబులపాటక అనే రూపాలలో కనిపిస్తున్నది. రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్య శాఖవారు మొదట బోధన్ నుంచి, తరువాత ఇక్కడి నుంచి పాలించారు. నేలటూరి వేంకటరమణయ్య 1953లో వెలువరించిన గ్రంథం ఈ వంశచరిత్రకు పునాది వేసింది. ఈ వంశంలోని మొదటి బద్దెగుడు 42 యుద్ధాలలో గెలిచినవాడని, వేంగి చాళుక్య భీముణ్ణి నీటిలో మొసలిని పట్టినట్లు పట్టాడని వంశప్రశస్తులు కీర్తించాయి. నేటి భీమేశ్వరాలయాన్ని అతడు కట్టించిన బద్దెగేశ్వరంగా చరిత్రకారులు గుర్తిస్తున్నారు. కట్టించిన రాజు పేరుకు ‘ఈశ్వర’ శబ్దాన్ని చేర్చి దైవానికి పెట్టడం ఆనాటి మర్యాద. ఈ మర్యాదలో దైవనామమే రాజకీర్తికి శాశ్వత శాసనం.

రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి 941లో విక్రమార్జున విజయాన్ని రచించాడు. అందులో అరికేసరి అర్జునునితో అభిన్నుడు. పంపని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల సమీపంలోని బొమ్మలగుట్టపై జినబింబాలను చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనం వేయించాడు. అందులోని తెలుగు కంద పద్యాలు నన్నయకు పూర్వమే ఈ ప్రాంతంలో పద్యరచన ఉన్నదనడానికి బలమైన ఆధారం. సోమదేవసూరి గంగాధరలో 959లో యశస్తిలక చంపువును ముగించాడు. 966 నాటి పర్భణీ తామ్రశాసనం ప్రకారం, రెండవ బద్దెగుడు లేంబులపాటకలో కట్టించిన శుభధామ జినాలయం కోసం అతని కుమారుడు మూడవ అరికేసరి సోమదేవసూరికి గ్రామదానం చేశాడు. అంటే పదవ శతాబ్ది వేములవాడ శైవానికీ జైనానికీ సమానంగా ఆశ్రయమిచ్చిన రాజధాని.

స్థలపురాణం చూపే వేములవాడ

తనకు భవిష్యోత్తర పురాణంలోని రాజేశ్వర ఖండం ఆధారమని స్థలపురాణం చెప్పుకుంటున్నది. ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం పరీక్షిత్తు మనుమడైన రాజరాజనరేంద్రుడు వేటలో పొరపాటున ముని బాలుణ్ణి చంపి, ఆ పాపం వల్ల కుష్ఠురోగి అయ్యాడు. ధర్మగుండంలో స్నానం చేయడంతో అతని వ్యాధి నయమైంది. గుండం అడుగున ఉన్న లింగాన్ని వెలికితీసి గుడి కట్టి ప్రతిష్ఠించమని స్వామి, అమ్మవారు కలలో ఆదేశించారు. రాజు గుడి కట్టించాడు. కాని అతడు నిద్రలో ఉండగానే నవనాథ సిద్ధులు లింగాన్ని ప్రతిష్ఠించారు. ఖిన్నుడైన రాజును శివుడు ఓదార్చి, క్షేత్రం అతని పేరుతోనే వెలుగొందుతుందని వరమిచ్చాడు.

ఇక్కడి రాజరాజనరేంద్రుణ్ణి నన్నయను ఆదరించిన పదకొండవ శతాబ్ది వేంగి ప్రభువుతో ముడిపెట్టడం పేరులోని పోలిక తెచ్చే పొరపాటు. కథ తన నాయకుణ్ణి స్పష్టంగా పరీక్షిత్తు వంశంలో నిలిపింది. కథలోని రాజు ఏ చారిత్రక రాజు అన్న ప్రశ్న కన్నా, ఆ రాజుకు కథ ఏ స్థానం ఇచ్చింది అన్న ప్రశ్నే ఫలవంతం.

పోలిక, విలోమం

పంపకవి వేములవాడ రాజును అర్జునునిగా నిలిపాడు. స్థలపురాణం అతణ్ణి అర్జునుని సంతతివానిగా నిలిపింది. ఆస్థాన కావ్యం నుంచి కథ నేరుగా పుట్టిందనడానికి ఆధారం లేదు. పాండవ వంశంతో సంబంధం కలుపుకోవడం అనేక క్షేత్రాల కథలలో ఉన్నదే. అయినా విలువలలోని మార్పు గమనించదగినది. కావ్యంలో రాజు ఆయుధం అతని కీర్తికి మూలం. పురాణంలో అదే ఆయుధం అతని పాపానికి మూలం. వేటలో మునికి అపచారం చేసిన పరీక్షిత్తు భారతకథ మనుమడిలో మరింత తీవ్రంగా పునరావృతమైంది.

నామకరణంలోనూ ఇదే విలోమం ఉన్నది. బద్దెగేశ్వరంలో రాజు తన పేరును తానే దైవానికి ఇచ్చాడు. స్థలపురాణంలో ప్రతిష్ఠాధికారం రాజు చేజారింది. పేరు మాత్రం ఊరటగా మిగిలింది. రాజు పేరు దైవానికి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు శాసన మర్యాద దాతృత్వాన్ని సమాధానంగా చెబితే, కథ దైవానుగ్రహాన్ని సమాధానంగా చెప్పింది. ప్రతిష్ఠ చేసినవారు నాథ సిద్ధులు కావడం వల్ల, ఆ సంప్రదాయం దక్కనులో బలపడిన తరువాతి కాలంలోనే ఈ కథ నేటి రూపం పొందిందని ఊహించవచ్చు. అప్పటికి చాళుక్య రాజధాని వైభవం అంతరించింది. రాజు లేని ఊరిలో దేవునికి రాజు అవసరం ఎంతవరకు అన్నదానికి ఈ కథ ఒక సమాధానం.

క్షేత్రాచారం ఈ అన్వయాన్ని బలపరుస్తున్నది. ఇక్కడి ప్రధానమైన మొక్కు కోడె మొక్కు. రైతు కోడెను పట్టుకొని గుడి చుట్టూ ప్రదక్షిణ చేసి కట్టేస్తాడు. శాసనంలో దాత గ్రామాలిచ్చే రాజు. ఆచారంలో దాత పశువు పగ్గం పట్టిన కాపు. ఆలయ ప్రాంగణంలో దర్గా ఉండడం, రాజన్నను దర్శించినవారు బద్ది పోచమ్మకు బోనం సమర్పించడం కూడా క్షేత్రం ఏ ఒక్క వర్గానికీ పరిమితం కాలేదనడానికి నిదర్శనాలు. ‘బద్ది’ అన్న మాటలో బద్దెగుని పేరు వినిపించవచ్చు. కాని ధ్వనిసామ్యం ఒక్కటే ప్రమాణం కాదు.

స్థలపురాణం మౌనం

రాజును తగ్గించి సామాన్య భక్తునికి చోటిచ్చిన ఈ కథ జినాలయానికి మాత్రం చోటివ్వలేదు. శుభధామ జినాలయం, సోమదేవసూరి, జినవల్లభుడు ఇందులో ఎక్కడా లేరు. కనుక స్థలపురాణాన్ని ప్రజల చరిత్రగా ప్రశంసించి ఊరుకోవడం విమర్శ కాదు. అది కూడా ఎంపిక చేసుకున్న స్మృతే. ఆ స్మృతి విడిచిన భాగాన్ని శాసనం నిలిపింది. అయితే శాసనంలో కోడె పట్టిన రైతు లేడు.

ముగింపు

వేములవాడను అధ్యయనం చేసేవారు పురాణంతో శాసనాన్ని గాని, శాసనంతో పురాణాన్ని గాని కొట్టివేయరాదు. ఒకదాని మౌనాన్ని రెండవదాని మాటతో చదవాలి. ఆలయ విస్తరణ పేరుతో పాత కట్టడాలు, విడి శిల్పాలు స్థానభ్రంశం చెందే ప్రతిచోటా ఈ పఠనం పుస్తకాలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. కథలో లేనందువల్ల ఒక జినబింబం, శాసనంలో లేనందువల్ల ఒక పోచమ్మ గద్దె విలువలేనివిగా మిగిలిపోతే, ఈ క్షేత్రచరిత్రలో సగం శాశ్వతంగా కోల్పోయినట్లే.