ఒక్క 'తే' దగ్గర తప్పే ప్రసంగం

'నువ్వు మారితే దేవుడు క్షమిస్తాడు.' 'దేవుడు క్షమించాడు, అందుకే మారు.' ఆదివారం పూట వరంగల్, హనుమకొండ, కాజీపేట చర్చిల్లో ఈ రెండు మాటలూ వినిపిస్తుంటాయి. ఒకే భక్తితో, ఒకే గొంతుతో చెప్పడం వల్ల తేడా చాలామందికి పట్టదు. కానీ మొదటి వాక్యంలోని 'తే'కీ, రెండో వాక్యంలోని 'అందుకే'కీ మధ్య ఐదు వందల ఏళ్ల ప్రసంగ కళ ఉంది.

ఆ కళకు మూలం రెండు మాటలు: ధర్మశాస్త్రం, సువార్త. ధర్మశాస్త్రం అడుగుతుంది, సువార్త చెబుతుంది. మొదటిది మనం చేయాల్సిన పని, రెండోది దేవుడు క్రీస్తులో చేసేసిన పని. సువార్త పేరులోనే 'వార్త' ఉంది. వార్త అంటే జరిగిపోయిన సంగతి, సలహా కాదు. ఈ రెంటినీ విడదీసి చూడగలిగినవాడే నిజమైన వేదాంతి అని 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ అన్నాడు. 1884-85లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సి.ఎఫ్.డబ్ల్యూ. వాల్తర్ కాబోయే పాదుర్లకు ఈ ఒక్క విషయం మీదే వారం వారం ఉపన్యాసాలిచ్చాడు.

ధర్మశాస్త్రానికి సంప్రదాయం మూడు పనులు చెబుతుంది. చేనుకు కంచెలా దుర్మార్గాన్ని ఆపడం ఒకటి. అద్దంలా మన ముఖం మనకు చూపించడం రెండోది. నమ్మినవాడికి నడిచే దారి చూపించడం మూడోది. ఈ మూడో పనికి లూథర్ శతాబ్దపు మరో సంస్కర్త కాల్విన్ పెద్దపీట వేశాడు, లూథర్ రెండోదాని మీద ఎక్కువ నిలిచాడు. గలతీ పత్రికలో పౌలు వాడిన మాటను తెలుగు బైబిలు 'బాలశిక్షకుడు' అంది. పెద్ద బాలశిక్ష ఎరిగిన మనకు ఆ మాట వినగానే పంతులు గుర్తొస్తాడు. గ్రీకు మాటకు అర్థం వేరు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని, అవసరమైతే బెత్తం చూపించి, గురువు ఇంటి దాకా దిగబెట్టే సేవకుడు అతడు. గుమ్మం దాకానే అతడి పని. ధర్మశాస్త్రమూ అంతే.

ఈ కళకు మంచి నమూనా ప్రవక్త నాతాను. తప్పు చేసిన దావీదు రాజు దగ్గరకు వెళ్లి ఆయన శాస్త్రం వల్లించలేదు, కథ చెప్పాడు. మందలున్న ధనవంతుడు, పేదవాడు కూతురిలా పెంచుకున్న ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని విందు చేశాడు. రాజు మండిపడి శిక్ష విధించాడు. ఆ ధనవంతుడు నువ్వేనని నాతాను అప్పుడు తేల్చాడు. వింటున్నవాడి నోటితోనే తీర్పు చెప్పించడం ఇందులోని నేర్పు. దావీదు తప్పు ఒప్పుకున్నాక నాతాను షరతు పెట్టలేదు, క్షమాపణ ప్రకటించాడు. తప్పుకు ఫలితాలు మిగిలాయి. క్షమాపణకు మాత్రం 'తే' తగల్లేదు.

ఈ విషయం ఓరుగల్లు నేలకు చాలా దగ్గరది. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న డోర్నకల్‌కు 1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య మిషనరీగా వచ్చాడు. తమిళుడైనా తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలు. 'శాస్త్రం' అన్న మాట వాళ్లకు కొత్తది కాదు. ఊరి బయట ఉండమన్నది, బావి ముట్టవద్దన్నది అదే. ఇప్పుడు పది ఆజ్ఞల రూపంలో వచ్చిన శాస్త్రం వేరు. పొరుగువాడి ఎద్దును ఆశించడమూ తప్పేనంటే, ముద్దాయి బోనులో పాలేరు పక్కన దొర కూడా నిలబడాలి. అందరినీ ఒకే వరుసలో నిలబెట్టిన ఆ శాస్త్రం తర్వాతే, అందరికీ ఒకే క్షమాపణ అన్న వార్తకు అర్థం వస్తుంది.

తప్పటడుగు రెండు వైపులా పడుతుంది. 'చేతనైనంత చేస్తే చాలు' అని ధర్మశాస్త్రాన్ని పలచన చేయడం ఒకటి. అందేంత ఎత్తుకు దించిన ఆజ్ఞ ఎవరినీ గురువు గుమ్మం దాకా నడిపించదు. సువార్తకు షరతు తగిలించడం రెండోది. 'కానుక వేస్తే దీవెన', 'ఉపవాసముంటే స్వస్థత' అన్నప్పుడు వార్త కాస్తా బేరమవుతుంది. బేరంలో గెలిచినవాడికి గర్వం, ఓడినవాడికి దిగులు మిగులుతాయి. రోగం తగ్గని తల్లి తన విశ్వాసమే చాలలేదనుకుని ఇంటికి పోతుంది.

అలాగని ఆజ్ఞలను పక్కన పెట్టమని కాదు. సీనాయి కొండ మీద కూడా మొదట వినిపించింది ఆజ్ఞ కాదు. మిమ్మల్ని బానిసత్వం నుంచి బయటికి తెచ్చింది నేనేనని దేవుడు చెప్పుకున్నాడు. ఆ తర్వాతే పది ఆజ్ఞలు. అక్కడా వరుస 'అందుకే' వరుసే. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి ఆజ్ఞలను కృతజ్ఞత భాగంలో పెట్టడానికి కారణమూ అదే.

బాప్తిస్మం పొందినవాళ్ల చేత అజరయ్య ఒక పని చేయించేవాడు. తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా పలకాలి. అదీ ఆజ్ఞ లాంటిదే, బరువైనదే. కాకపోతే ఆ చెయ్యి తల మీదికి వెళ్లేసరికి తల అప్పటికే తడిసి ఉండేది.